వేలాడని అక్షరం

మొన్న సాయంత్రం రాఫెల్స్ ప్లేస్‌లో రైలెక్కి కూర్చున్నాను. పక్క సీటు పెద్దావిడ చేతిసంచిలోంచి వేలెడంత గాజుసీసా తీసి, రెండు చుక్కలు చూపుడువేలికి అద్దుకుని కణతలకు రాసుకుంది. కర్పూరం, పుదీనా, పేరు తెలియని ఇంకేదో ఘాటు కలిసిన మందునూనె వాసన. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు తలనొప్పికీ, కడుపునొప్పికీ, అల్లుడి మీద కోపానికీ ఒకటే నూనె రాసుకుంటారు. పెట్టెలో మిగిలినవాళ్ళు ఫోన్లలోంచి తల ఎత్తకుండానే ఒకసారి ముక్కు ఎగబీల్చి ఊరుకున్నారు. నేను మాత్రం దిగాల్సిన చోట దిగలేదు. మూడు స్టేషన్లు దాటాక చూసుకుని, ఎదుటి ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళి, అక్కడ వచ్చిన రైలు కూడా ఎక్కకుండా బల్ల మీద కూర్చుండిపోయాను. అది పైడమ్మ ఆంటీ వాసన. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ గురించి నలుగురికీ చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ గొప్పతనం గురించే అయితే ఈపాటికి ఎప్పుడో చెప్పేసి ఉండేదాన్ని. అందులో నా చిన్నతనం కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్ళు పట్టింది.

నేను సింగపూర్ వచ్చింది ఐటీ మళ్ళీ ఊపందుకున్న రోజుల్లో. డాట్‌కామ్ బుడగ పగిలి, ఊడిన ఉద్యోగాలు మళ్ళీ మొలకెత్తుతున్న కాలం. గుంటూరులో ఇంజనీరింగ్ చదివిన నా స్నేహితురాళ్ళంతా బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో చేరితే, నేను సైన్స్ పార్క్‌లో పదకొండు మంది పనిచేసే చిన్న కంపెనీలో పడ్డాను. మా పని అక్షరాలు గీయడం. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లో ఒక పట్టిక ఉంది, యూనికోడ్ అంటారు. అందులో ప్రతి అక్షరానికీ ఒక నంబరు. ఇక్కడి మనుషులకు గుర్తింపు కార్డు మీద ఐసీ నంబరు ఉన్నట్టే. పట్టిక నంబరు ఇచ్చి ఊరుకుంటుంది; ఆ నంబరు నొక్కితే తెర మీద కనబడే రూపం మాలాంటివాళ్ళు గీసిపెట్టాలి. ఒకసారి ఇచ్చిన నంబరు ఇక ఎన్నటికీ మారదు, ఎవరూ వెనక్కి తీసుకోరు. అప్పటికి ఇక్కడ శాశ్వతంగా ఉండనివ్వమని పెట్టుకున్న నా పీఆర్ దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. వెయ్యేళ్ళ కిందటి స్లావు లిపి ఒకటి, గ్లగొలిటిక్ అనేది, ఆ మధ్యనే అక్షరాలన్నిటితో సహా శాశ్వత నివాసం సంపాదించుకుందని విని, దాని మీద నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

పైడమ్మ ఆంటీ ఆ కంపెనీలో చూసే మనిషి. ఆవిడ హోదా పేరు ఇంకేదో పొడుగ్గా ఉండేది గాని, చేసే పని అదే. గీసిన ప్రతి అక్షరానికీ ఒక కాగితం ఉండేది. ఎడమవైపు పాత పుస్తకంలోని అసలు అక్షరం ఫోటో, కుడివైపు మేము గీసింది. కింద రెండు గళ్ళు: గీసినవారు, చూసినవారు. రెండో గడిలో ఆవిడ పొడి అక్షరాలు పడితేగాని కాగితం ముందుకు కదిలేది కాదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు సరిచూశారట. చైనీస్, థాయ్, అరబిక్, ఏది వస్తే అది. వాటిలో ఏ ఒక్కటీ ఆవిడకు చదవడం రాదు. ఆవిడ తాతగారు విజయనగరం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఆంటీ తోటబడిలో తమిళం, మలయ్, తర్వాత కాస్త ఇంగ్లీషు నేర్చుకున్నారు. తెలుగు మాత్రం నోట్లో ఉంది, కంట్లో లేదు. నేను చేరిన మొదటిరోజు నా పేరు విని, నా బల్ల దగ్గరికొచ్చి, "ఏటి గుంటా, తెలుగు పిల్లవేనా? మకన్ అయిందా?" అన్నారు. మకన్ అంటే భోజనమని తెలుసు గాని, గుంట అంటే మావైపు చిన్న గొయ్యి. నన్ను గొయ్యి అన్నారేమిటని అరనిమిషం బిక్కమొహం వేశాను; ఆవిడవైపు ఆ మాటకు పిల్ల అని అర్థమని తర్వాత తెలిసింది. పక్కన చెన్నై కుర్రాడు నవ్వుతుంటే, మా తెలుగు ఇలా ఉండదులే అన్నట్టు నేనూ నవ్వాను. చేసిన మొదటి తప్పు అది. చిన్నది కాబట్టి త్వరగా చెప్పేశాను.

పని నేర్పింది ఆవిడే. నేను గీసిన మొదటి అక్షరాల కాగితాన్ని తీసుకుని తలకిందులుగా తిప్పి బల్ల మీద పెట్టారు. "సదవకు. సూడు," అన్నారు. "సదివితే కన్ను ముందే ఇంటికెల్లి కూకుంటాది. ఇంక ఏటీ కనబడదు." తలకిందులు చేశాక నిజంగానే ఒక వంపు పొట్ట పెంచుకున్నట్టు కనిపించింది. పొద్దున ఒకసారి చూసి, భోజనం చేసొచ్చి తిప్పి చూసి, మర్నాడు మళ్ళీ చూసేదాకా ఆవిడ సంతకం పెట్టేవారు కాదు. అన్నిటికంటే విచిత్రం, గీసినవాళ్ళని పక్కన నిలబెట్టుకుని, "ఏలితో రాసి సూపించు" అనేవారు. బల్ల మీద వేలితో అక్షరం రాయాలి. ఎక్కడ మొదలు, ఎటు తిరగడం, ఎక్కడ ఆగడం. వేలు తడబడితే కాగితం వెనక్కి వచ్చేది. "నీ ఏలికి తెలీనిది నీ మౌసుకి ఎలా తెలుస్తాదే?" మేనేజర్ మిస్టర్ టాన్ గంటకోసారి వచ్చి ఎన్ని పూర్తయ్యాయని అడుగుతుంటే, ఆవిడ కణతలకు నూనె రాసుకుంటూ నాతో, "పెలాన్ పెలాన్" అనేవారు. నెమ్మది, నెమ్మది. "వెయ్యేళ్ళు ఆగిన అచ్చరం రేపటిదాకా ఆగదేటి?"

గ్లగొలిటిక్ పని మాకు ఇచ్చింది క్రొయేషియాలో ఒక ద్వీపం మీద ఉండే ముసలి ప్రొఫెసరు. ఆయన జీవితమంతా ఒక్క పాత ప్రార్థనపుస్తకాన్ని చదువుతూ గడిపాడు. దాన్ని ఆ అక్షరాలతోనే కంప్యూటర్లోకి ఎక్కించి కన్నుమూయాలని ఆయన కోరిక. పేజీల ఫోటోలు పంపించాడు. ఆ అక్షరాలన్నీ వలయాలూ, త్రికోణాలూ, గాలిపటాల తోకలూ. రెండు రోజులు చూసి, ఆంటీ ఒక సంగతి కనిపెట్టారు. "ఇయి గీత మీద కూకోలేదే. గీతకి ఏలాడతన్నాయి." కిటికీలోంచి దూరంగా కనిపిస్తున్న ఫ్లాట్లను చూపించారు. వెదురుకర్రలకు ఆరేసిన చొక్కాలు, లంగాలు. "అదిగో, అలాగ. బరువంతా కిందకి దిగాలి." ఆ సంగతి రాసి పంపితే ప్రొఫెసరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నలభై ఏళ్ళు విద్యార్థులకు చెప్పలేక అలసిపోయిన సంగతి, ఆ లిపిలో ఒక్క మాట రాని మనిషి రెండు రోజుల్లో ఎలా చూసిందని అడిగాడు. ఆంటీకి ఆ ఉత్తరం నేనే చదివి తెలుగులో చెప్పాను. ఆ రోజంతా ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ లిపిలో వేదె, దొబ్రో అని రెండు అక్షరాలున్నాయి. రెండో పేరు పైకి అనడానికి కోస్తాలో పెరిగిన నాకు మొహమాటం, ఆంటీ మాత్రం నిష్కల్మషంగా, "నీ దొబ్రో అయిందేటే?" అని ఆఫీసంతా వినబడేలా అడిగేవారు. ఒక అక్షరాన్ని తిరగేస్తే దాదాపు రెండోదానిలా ఉంటుంది. మూడు రోజులు కూర్చుని దొబ్రో గీశాను. అసలు పుస్తకంలో సిరా నిండుగా మొదలైన చోటు, ఆరిపోతూ ఆగిన చోటు, అన్నీ పట్టుకుని గీశాను. ఇప్పటికీ నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. వేలితో రాసి చూపించాను, ఆంటీ సంతకం పెట్టారు. ఇక వేదె మిగిలింది. ఆ రోజు శుక్రవారం. ఆ సాయంత్రానికి మొత్తం పంపాలని మిస్టర్ టాన్ గడువు పెట్టాడు. నేను దొబ్రో బొమ్మను తెచ్చి, ఒక మీట నొక్కి తిరగేసి, వేదె నంబరులో పెట్టాను. మూడు రోజుల పని మూడు సెకన్లలో అయిపోయింది. ఇంజనీరింగ్‌లో దీన్నే తెలివి అని నేర్పారు నాకు.

అంతకు రెండు వారాల ముందు జరిగింది ఒకటి చెప్పాలి. ఆంటీకి కుడికంట్లో శుక్లం మొదలైంది. ఆసుపత్రికి నన్ను తోడు తీసుకెళ్ళారు. కూతురికి ఉద్యోగంలో సెలవు దొరకదని చెప్పారు గాని, కూతురికి తెలియడం ఇష్టం లేకేనని నాకు అర్థమైంది. డాక్టరు అది చాలా తొలిదశ అనీ, చూపు ఇంకా బాగానే ఉందనీ, ఎప్పుడో ఒకప్పుడు చిన్న ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందనీ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఆపీసులో సెప్పకు పద్మా. కళ్ళతో బతికేదాన్ని," అన్నారు. చెప్పను అన్నాను. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాను. అదే నా తెలివి.

శుక్రవారం మధ్యాహ్నం వేదె కాగితం ఆవిడ ముందు పెట్టాను. చూశారు. తిప్పి చూశారు. భూతద్దం పెట్టి చూశారు. "ఏటో తేడాగా ఉందే. ఇది ఏలాడతం లేదు. కూకుంది," అన్నారు. చొక్కాను తిరగేసి కొసలకు క్లిప్పులు పెడితే ఎలా ఉంటుందో, ఆ అక్షరం అలా ఉంది. ఆవిడ చూపించాక నాకూ కనబడింది. ఆ క్షణంలో, సరే ఆంటీ మళ్ళీ గీస్తాను అనడానికి నా దగ్గర ఒక్కటే అడ్డు: సోమవారం మిస్టర్ టాన్ మొహం చూడాల్సి రావడం. "ఏలితో రాసి సూపించు," అన్నారు. నేను రాయలేదు. "ఆంటీ, అది అక్షరం కాదు, మీ కన్నేమో. డాక్టరు ఏం చెప్పారో గుర్తుందిగా," అన్నాను. నెమ్మదిగానే అన్నాను. ప్రేమగా కూడా అన్నాను, అదే ఇప్పటికీ నన్ను కుదిపేది.

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఎడమకన్ను మూసి కుడికంటితో చూశారు. తర్వాత కుడికన్ను మూసి చూశారు. "నువ్వు గీసినావు గదా?" అని అడిగారు. "గీశాను ఆంటీ." అయితే సరే అన్నట్టు తల ఊపి, మర్నాటిదాకా ఆగకుండా, చూసినవారు గడిలో తన పొడి అక్షరాలు వేశారు. నాకు తెలిసి చూసినరోజే ఆవిడ సంతకం పెట్టడం అదొక్కసారే.

పది రోజులకు ప్రొఫెసరు ఉత్తరం వచ్చింది. మిగిలినవన్నీ అద్భుతంగా ఉన్నాయనీ, వేదె మాత్రం తిరగేసిన దొబ్రో అనీ, ఈ అక్షరం గీసినవారు దీన్ని ఎన్నడూ రాసి ఉండరనీ రాశాడు. ఆ రెండూ అద్దంలో బింబాలని పైపైన చూసేవాళ్ళు అనుకుంటారనీ, ఇక్కడ మీరు అలా అనుకోరని ఆశపడ్డాననీ చివర్లో ఒక వాక్యం. మిస్టర్ టాన్ మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచి కాగితం బల్ల మీద పెట్టాడు. అతను చెడ్డవాడు కాదు. గొంతు కూడా పెంచలేదు. "మేడమ్, ఇది మీరు చూశారు కదా. మీకు కనబడకపోవడమేమిటి?" అని అడిగాడు. ఆంటీ నావైపు తిరిగారు. కోపంగా చూడలేదు. కాగితాన్ని చూసినట్టే చూశారు, ఎక్కడ తేడా ఉందో వెతుకుతున్నట్టు. నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ, "నా కన్నే సార్. శుక్లం," అన్నారు. మిస్టర్ టాన్ నన్నడిగాడు: "పద్మా, ఈ సంగతి నీకు తెలుసా?" "తెలుసు," అన్నాను. ఆ గదిలో నేను చెప్పిన నిజం అదొక్కటే, అంతకంటే అబద్ధం చెప్పినా బాగుండేది. వేదె అన్న పేరుకు అర్థం కూడా అదేనని, నాకు తెలుసు అనేనని, తర్వాత ప్రొఫెసరు రాసిన ఒక వ్యాసంలో చదివాను. చదివి పుస్తకం మూసేశాను.

మిస్టర్ టాన్ ఆవిడను పంపించెయ్యలేదు. మర్యాదగా ఫైళ్ళ గదికి మార్చాడు. రెండు నెలలకు ఒప్పందం గడువు తీరితే మళ్ళీ రాయలేదు. వెళ్ళేరోజు తన భూతద్దం నా బల్ల మీద పెట్టి, "నీకే పనికొస్తాది," అన్నారు. ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాను. ఏమీ లేదు. చూసే మనిషి కుర్చీ నాకిచ్చారు. వేదెను నేను మళ్ళీ గీశాను, ఈసారి నాలుగు రోజులు. వేలు నొప్పి పుట్టేదాకా బల్ల మీద రాశాను. ప్రొఫెసరు మెచ్చుకున్నాడు. ఆ నంబరు నొక్కితే మా ఫాంటులో ఇప్పుడు కనబడేది ఆ అక్షరమే. ప్రపంచంలో బహుశా రెండు వందలమందికి అది అవసరం. దాని వెనక జరిగింది వాళ్ళెవరికీ తెలియదు.

ఆంటీని మళ్ళీ చూడటానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఈలోగా ఆ కంపెనీ మూతపడింది, నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకి మారాను, మూడోసారి దరఖాస్తుకు పీఆర్ కూడా వచ్చింది. ఒక ఆదివారం ఉదయం యీషున్‌లో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. తలుపు తీసింది కూతురు సరోజ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. వంటింట్లో డబ్బాలన్నిటి మీదా అరచెయ్యంత ఇంగ్లీషు అక్షరాలతో కాగితాలు అంటించి ఉన్నాయి: ఉప్పు, పంచదార, మెంతులు. ఆంటీ కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నారు. నన్ను చూసి, "ఒచ్చావేటే గుంటా. మకన్ అయిందా?" అన్నారు, నిన్న విడిపోయినట్టు. సరోజ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, రైల్లో వల్లెవేసుకుని వచ్చినదంతా గబగబా చెప్పేశాను. ఆ అక్షరం నేను గీయలేదని, తిప్పానని, అంతా తెలిసే మీ కంటి మీదకి నెట్టానని.

ఆవిడ రేడియో తగ్గించారు. "ఇదేటి, నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంత దూరం ఒచ్చావా?"

"మీకు తెలుసా?"

"సూసేదాన్ని గదే నాను. ఆ రోజు అచ్చరం తప్పని నా కంటికి తెలుసు. నీ మొకం సూసి సంతకం ఎట్టాను. ఆ తప్పు నాది, దానికి నువ్వెందుకు ఏడవడం?" వంటింటివైపు గడ్డం ఎత్తి, గొంతు తగ్గించారు. "ఆపరేసన్ అయి ఐదేళ్ళయింది. సూదిలో దారం ఎక్కించగలను. అదిగో, అది నమ్మదు. ఆపీసోళ్ళే కళ్ళు పోయాయని తీసేశారు గదా అంటాది. నన్ను ఒక్కదాన్ని రోడ్డు దాటనివ్వదు. సేపలు కొనడానికి కూడా పక్కన ఒక మనిసుండాలి. టాన్‌కి సెప్పి ఏటి లాభం? సెప్పేదేదో దానికి సెప్పు."

సరోజ టీ తెచ్చింది. నేను చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి, ఆమె మొహం అర్థంకాక, ఇంగ్లీషులో మళ్ళీ మొదటినుంచి చెప్పాను. రెండు భాషల్లోనూ అది ఒకేలా ఉంది. సరోజ టీ కప్పులు పళ్ళెంలోంచి దించకుండానే నిలబడి విన్నది. "అంటే, ఆ గదిలో మమ్మీ తన కళ్ళదే తప్పని చెబుతుంటే, మీరు పక్కనే కూర్చుని ఉన్నారు," అంది. ప్రశ్నలా అడగలేదు. అవునన్నాను. ఆమె ఒక కప్పు నా చేతికిచ్చింది. తాగాను, ఎలా తాగానో తెలియదు. ఆంటీ మధ్యలో రేడియో మళ్ళీ పెంచారు. వెళ్ళేటప్పుడు సరోజ లిఫ్టు దాకా వచ్చి, నా ఫోన్ నంబరు అడిగింది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

వారానికి ఆమె దగ్గరనుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మమ్మీ ఈ రోజు ఒక్కతే బస్సెక్కి మార్కెట్‌కి వెళ్ళింది. తప్పు చేప తెచ్చింది. కాదు, అదే సరైన చేపట." అంతే. తిట్టూ లేదు, పలకరింపూ లేదు. ఏం జవాబు రాయాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను. చివరికి, ఏ చేప అని అడిగాను. జవాబు రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు అదే నంబరు నుంచి ఆంటీ పోయిన వార్త వచ్చింది, అంత్యక్రియల సమయంతో సహా. వెళ్ళి, వెనక వరసలో నిలబడి వచ్చాను.

ఫోన్లు మార్చినప్పుడల్లా ఆ మెసేజ్ మాత్రం జాగ్రత్తగా కొత్త ఫోనులోకి ఎక్కించుకుంటాను. తీసి చూస్తే నాకు ముందు కనబడేది ఆవిడ ఒంటరిగా వెళ్ళిన ఆ ఒక్క రోజు కాదు. అంతకుముందు ఆరేళ్ళు, చేపల దుకాణం తడినేల మీద, బాగా కనబడే కళ్ళతో, కూతురి చెయ్యి పట్టుకుని నడిచిన పైడమ్మ ఆంటీ. ఏ చేప మంచిదో పదడుగుల దూరం నుంచే ఆవిడకు తెలిసి ఉంటుంది. చెప్పినా ఎవరూ వినని ఆ ఆరేళ్ళు నేనిచ్చినవి.